గీతలు లేని అరచేయి

సర్కారు ఇచ్చిన యంత్రానికి మీరెందుకు ముహూర్తం వెతుకుతారు?

రెండో పంచవర్ష ప్రణాళిక రోజుల్లో వికారాబాద్ స్టేషన్‌లో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. తాండూరులో బండలు నునుపు చేసేవాడు. చిన్న పరిశ్రమల సాయం కింద వాళ్ల సంఘానికి షెడ్డూ, నునుపు పట్టే యంత్రమూ వచ్చాయట.

"నడుస్తోందా?" అన్నాను.

"ఏడ సారూ. మొదలు మూఢమని తాళమేసిండ్రు. తర్వాత ఆషాఢమన్నరు. గిప్పుడు మా సంఘం పెద్ద జాతకానికి కుదుర్తలేదట."

"మరి మీ పని?"

"చేతులున్నయి గద. ఇసుకేసి రుద్దుతున్న."

అంతలో చేయి చూసి జోస్యం చెప్పేవాడొకడు వచ్చాడు. ముసలాయన అరచేయి చాపాడు. బండల మీద అరిగి అరిగి అందులో ఒక్క గీతా మిగల్లేదు. వేళ్ల కొసల్లో మాత్రం నెత్తురు చెమ్మ.

"జర చూసి చెప్పు పంతులూ, మా షెడ్డు ఎన్నడు తెరుస్తరో."

జోస్యుడు ఆ చేయి వదిలేసి పక్క బెంచీ దగ్గరికి వెళ్లిపోయాడు.

మీ ఊరి సంఘానికీ అలాంటి షెడ్డు ఉంటే, పంచాంగం మూయండి. ఇవాళే తాళం తీయండి.