ఏం చేయదు, ఇంట్లోనే ఉంటుంది

మా బడి వార్షిక సంచికకు టీచర్లందరం మమ్మల్ని మేము పరిచయం చేసుకుంటూ రాసివ్వాలట. నేపథ్యం, అభిరుచులు, నమ్మకాలు. పది వాక్యాలు దాటకూడదు, పక్కన ఫోటో. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి ఇంగ్లిష్ చెప్తుంటాను. నాకు పది వాక్యాల నేపథ్యం ఉంటుందని ఎవరనుకున్నారో తెలియదు.

తోటివాళ్లు రాసినవి చదివాను. లెక్కల సారుకు ప్రకృతి అంటే ప్రాణమట. స్టాఫ్ రూములో ఎవరైనా కిటికీ తెరిస్తే దుమ్ము వస్తుందని కసురుకునే మనిషి ఆయన. సోషల్ మేడం విలువలను నమ్ముతుందట. ఏ విలువలో రాయలేదు. తను దిద్దాల్సిన పరీక్ష పేపర్లు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోవడం మాత్రం వాటిలో ఉన్నట్టుంది. హిందీ సారుకు పుస్తక పఠనమట. ఫోను తప్ప ఆయన ఇంకొకటి చదివిన పాపాన పోలేదు. ఇవన్నీ చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ మంట వీళ్ల మీద కాదని తెలిసినా మండింది.

ఎందుకంటే ఈ విద్య వీళ్లకంటే ముందు, అదీ ఫీజు కట్టి నేర్చుకున్నదాన్ని నేను. డిగ్రీ అయ్యాక జగిత్యాలలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటరుకు రెండు నెలలు బస్సులో తిరిగాను. అక్కడి సారు మొదటి రోజే అందరికీ ఒకటే జిరాక్స్ కాగితం పంచాడు. నాన్న రైతు, అమ్మ గృహిణి, పుస్తకాలు చదవడం, పాటలు వినడం నా అభిరుచులు, నేను కష్టాన్ని నమ్ముతాను. ముప్పై మందిమి ఒకరి తర్వాత ఒకరం లేచి ఇదే ఇంగ్లిష్‌లో అప్పజెప్పేవాళ్లం. అందులో సగం మంది తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు. మా నాన్న సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆ చప్పుడుకు చెవులు దెబ్బతిని, వారం వారం ఇంటికి వచ్చినప్పుడు కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. ఆయనతో మాట్లాడీ మాట్లాడీ నాకూ గొంతు పెద్దదైంది. గుంటెడు భూమి లేని ఆ మనిషిని ముప్పై మంది ముందు రైతును చేసి కూర్చోబెట్టాను.

ఇక అమ్మ. ఆమె పెళ్లికి ముందు నుంచీ బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి గోరుతో నొక్కుతుంది. రోజుకు వెయ్యి. బడి నుంచి రాగానే నేనూ పక్కన కూర్చునేదాన్ని. పాఠం చదువుతూ చుట్టేదాన్ని, టీవీ చూస్తూ చుట్టేదాన్ని. ఇప్పటికీ ఊరికే కూర్చుంటే నా వేళ్లు చీర కొంగును చుట్టేస్తాయి. నాకు అభిరుచి అంటూ ఏదైనా ఏడిస్తే అదే.

ఈ బడిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే అమ్మ కూడా వెంట వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. వంతు వచ్చేదాకా ఉంచుకోమని మాకు నంబర్లు రాసిన చీటీలు ఇచ్చారు. లోపల ప్రిన్సిపాల్ మేడం ముందు జిరాక్స్ కాగితం మొత్తం తడబడకుండా ఒప్పజెప్పాను. అమ్మకు ఇంగ్లిష్ రాదు కాబట్టి నాకు ధైర్యమే. అంతలో మేడం తెలుగులోకి దిగి, మీ అమ్మగారు ఏం చేస్తారని అడిగింది.

"ఏం చేయదు మేడం, ఇంట్లోనే ఉంటుంది" అన్నాను. సాంచాల గొంతు కదా, వరండా దాకా పోయింది.

మేడం నా మొహం చూడలేదు, చేయి చూసింది. నంబరు చీటీ నా వేళ్ల మధ్య బీడీ అయిపోయి ఉంది. ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా, దారం ఒక్కటే తక్కువ. ఆమె చేయి చాచి దాన్ని తీసుకుంది. తీసుకుని, బొటనవేలి గోరుతో లావు కొస మడిచి నొక్కింది. ఎంత చక్కగా నొక్కిందంటే, అది ఒక్కరోజులో వచ్చే పనితనం కాదు. వెంటనే దాన్ని చెత్తబుట్టలో పడేసి, సోమవారం నుంచి రమ్మంది. ఇన్నేళ్లలో మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. సంచిక మొదటి పేజీ ఆమెదే. విద్యావంతుల కుటుంబంలో పుట్టిందట. ఆమెను చూసి నవ్వుకోవడానికి నాకేం హక్కుందో తెలియదు గానీ, నవ్వుకున్నాను.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే అమ్మ నా వెనకే వచ్చింది. చేతులు కొంగు కింద పెట్టుకుని నడిచింది. చివరికి, "మంచిగ జెప్పినవ్ బిడ్డా. నౌకరి అచ్చినట్టేనా?" అని అడిగింది. తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని. మెచ్చుకునేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

అందుకే ఈసారి నేపథ్యం కింద మొదటి వాక్యమే, మా అమ్మ బీడీలు చేస్తుంది అని రాశాను. ఈ పొద్దున దాన్ని ఆమెకు చదివి వినిపించాను. సంతోషపడుతుందనుకున్నాను, ఇంకా చెప్పాలంటే నన్ను క్షమిస్తుందనుకున్నాను. ఆమె తల ఎత్తలేదు. చాటలో చేతులు ఆగలేదు.

"గా మాట కొట్టెయ్ బిడ్డా" అంది. "పోరగాండ్లు సదువుతరు, నిన్ను తక్కువ జేస్తరు. ఏం జెయ్యదు, ఇంట్లనే ఉంటదని రాయి. అప్పుడు నువ్వే జెప్తివి గద."