జమున గిటార్

నాంపల్లిలో ఒక ఆఫీసు గుమాస్తా జమునకు యాభై రెండేళ్లు. తీగలు నొక్కీ నొక్కీ ఎడమచేతి వేళ్ల కొనలు కాయలు కాశాయి; ఫైలు చూస్తున్నా ఆ వేళ్లు బల్ల అంచున స్వరాలు వెతుక్కుంటాయి. అబిడ్స్‌లో ముచ్చటపడి కొన్న పాతకాలపు తరహా గిటార్‌ను స్పీకర్‌కు కలుపుకోవచ్చు. కానీ కిరాయి ఇల్లు, పక్కవాటా వాళ్లకు ఇబ్బందని రెండేళ్లుగా తీగల కింద చేతిరుమాలు దోపి వాయించుకుంటోంది.

ఆఫీసు వార్షికోత్సవం రోజు గిటార్ తెచ్చి, రుమాలు తీసేసి, మొదటిసారి స్పీకర్ వైరు గుచ్చి తీగలన్నీ ఒక్కసారిగా మీటింది. హాలు దద్దరిల్లింది. తన మోతకు తానే ఉలిక్కిపడింది. చాయ్ పంచుతున్న అటెండర్ పరశురాం అక్కడే నిలబడిపోయాడు.

“ఏంది మేడం, గిదంతా మీరేనా?”

“ఔ, నేనే!” అంది జమున, ఒళ్లు పులకరిస్తుంటే. “చెవులు నొస్తున్నయా?”

“లే మేడం, మస్తుగున్నది!”

జమున నవ్వుతూ వాల్యూమ్ ఇంకా పెంచింది.