ఐదొందల ఎకరాల దేశం

ఏడో తరగతిలో మా సోషల్ మేడం ఒక స్టీలు డబ్బాలో చీటీలు వేసి, తలా ఒక దేశం తీసుకోమంది. ఎవరికి వచ్చిన దేశం గురించి వాళ్ళు చార్టు తయారుచేసి, ఎగ్జిబిషన్ రోజు తల్లిదండ్రుల ముందు నిలబడి చెప్పాలి. నా పక్కన కూర్చునే స్నేహితురాలికి బ్రెజిల్ వచ్చింది. వెనక బెంచీ అబ్బాయికి రష్యా వచ్చింది. నాకు మొనాకో వచ్చింది. అట్లాసులో వెతికితే ఫ్రాన్స్ అంచున ఒక చుక్క కనిపించింది. చుక్క మీద పేరు పట్టక పక్కన సముద్రంలో రాశారు. రష్యా వాడు నా భుజం మీదుగా తొంగిచూసి, అది దేశం కాదు, ఎవరో పెన్ను పెట్టి మరిచిపోయారు అన్నాడు. నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. వాడి అట్లాసు లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేశాను. మేడం నన్ను కూడా దాని వెనకే బయటికి పంపింది.

ఇంటికొచ్చి ఏడిస్తే అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది మా తాత. దానికి కారణం ఉంది. కుల్చారం పక్కన మా ఊళ్ళో ఒకప్పుడు ఆయనకు చాలా భూమి ఉండేది. మెదక్‌లో ఈ ఇల్లు కట్టడానికి కొంత, నాన్న హార్డ్‌వేర్ షాపుకు కొంత, నానమ్మ ఆపరేషన్‌కు కొంత అమ్మగా అమ్మగా మూడెకరాలు మిగిలాయి. ఆ మూడు అనే మాట ఆయన నోట మేమెవరమూ వినలేదు. బస్సులో తెలియని వాళ్ళెవరైనా మీకెంత భూమి ఉందని అడిగితే, "ఉన్నది తియ్యి" అని వెంటనే వానల సంగతి ఎత్తుకునేవాడు. చిన్నది అనిపించుకోవడం ఆయనకు గిట్టదు. మనవరాలికి కూడా చిన్న దేశమే రాసిపెట్టి ఉందంటే తట్టుకోలేకపోయాడు.

మర్నాడు ఇస్త్రీ బట్టలు వేసుకుని, భుజాన తువ్వాల వేసుకుని బడికి వచ్చాడు. మా పిల్లకు జర పెద్దది చూసి ఇయ్యండ్రి మేడం అని అడిగాడు. మేడం నవ్వి, చీటీ అంటే చీటీనే అంది. తాత కోర్టులో కేసు పోయినవాడిలా ఇంటికి వచ్చాడు.

ఆ సాయంత్రం నాన్న ఫోన్ తీసుకుని నేనూ తాతా ఆ దేశం సంగతి చూడటం మొదలుపెట్టాం. చదరపు కిలోమీటర్లు చెబితే తాతకు ఎక్కలేదు. ఎకరాల్లో చెప్పమన్నాడు. లెక్క కడితే దగ్గరదగ్గర ఐదొందల ఎకరాలు వచ్చింది. తప్పేమో, మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ అంతే వచ్చింది.

"గింతేనా? మన ఊరి శివారే దీనికంటే పెద్దగుంటది. గిది దేశమెట్లయితది బిడ్డా?"

తర్వాత ఆయన అడగవలసినవన్నీ అడిగాడు. పంటేంది అన్నాడు. పంట లేదు. బోర్లెన్ని అన్నాడు. బోర్లు లేవు. సముద్రం ఉంది, కొండమీద రాజుగారి కోట ఉంది, ఏటా వీధుల్లో కార్ల పందెం జరుగుతుంది, బియ్యం కూడా బయటినుంచే వస్తుంది అని నేను చదివి వినిపించాను. సేద్యం లేకుండా మనుషులు బతకడమేమిటో ఆయనకు మింగుడుపడలేదు. మూడు దిక్కులా ఫ్రాన్సే అని చెప్పేసరికి ముందుకు వంగాడు. అంత పెద్ద రైతు పక్కన ఉంటే ఏటా దున్నుకుంటూ దున్నుకుంటూ హద్దు లోపలికి జరుపుతాడు కదా, జరపలేదా అని అడిగాడు. పాతకాలంలో కొంత పోయిందట గాని, ఎన్నో ఏళ్ళుగా జరగలేదు, రాజు ఉన్నాడు, జెండా ఉంది అని చెప్పాను. తాత కాసేపు మీసం దువ్వుకుని, ఆ రాజు గట్టోడే అన్నాడు. ఆ దేశం మీద ఆయనకు మొదటిసారి గౌరవం కలిగింది.

ఆదివారం పొద్దున్నే నన్ను మోపెడ్ ఎక్కించాడు. ఆ దేశం ఎంతుందో ముందు కళ్ళతో చూద్దాం, తర్వాత చార్టు రాద్దువు అన్నాడు. నానమ్మ ముగ్గు డబ్బా కూడా పట్టుకొచ్చాం. వరికోతలు అయిపోయిన రోజులు కాబట్టి ఎటైనా నడవొచ్చు. మొనాకో నీళ్ళ పక్కన పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మా ఊళ్ళో చెరువును సముద్రం అనుకున్నాం. ఫోన్లో దూరం చూసుకుంటూ పొలాల ఒడ్ల మీద నడిచి, మలుపు వచ్చిన చోటల్లా ముగ్గు పోసి గుర్తు పెట్టాం. తూము దగ్గర ఓడలు ఆగే చోటు వచ్చింది. పెద్ద బండమీద కోట వచ్చింది. కార్ల పందెం బండ్లబాట మీదికి వచ్చింది. తాత మూడెకరాలు దేశం నడుమ పడ్డాయి. అమ్మేసిన మెట్ట చెల్కలు కూడా అందులోనే పడ్డాయి. వాటి మీదుగా వెళ్ళేటప్పుడు ఆయన చెరువు వైపే చూస్తూ గబగబా నడిచాడు. నాకు జాలేసింది.

దేశం చుట్టి వచ్చి వేపచెట్టు కింద సద్ది విప్పామో లేదో, ఊళ్ళో గగ్గోలు మొదలైంది. పొలాల్లో ముగ్గు కనిపిస్తే సర్వే అనే కదా అర్థం. కొత్త రోడ్డు పడుతుందని ఒకరు, కంపెనీ వస్తుందని ఒకరు, అందరూ పరేషాన్ అయి మా దగ్గరికి వచ్చారు. రామాయంపేట నుంచి భూముల బ్రోకర్ ఒకాయన బైక్ మీద రానే వచ్చాడు.

"మా చెల్కల ముగ్గెందుకు పోసిన్రు పటేలా? రోడ్డు వడుతున్నదా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"రోడ్డు లేదు, ఏం లేదు. మా పిల్లకు ఇస్కూల్ల ఒక దేశమిచ్చిన్రు, కొలుస్తున్నం" అన్నాడు తాత.

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నేను ఫోన్లో బొమ్మ చూపించి చెప్పాను. అర్థమయ్యాక భయం పోయి ఇంకో పంచాయితీ మొదలైంది. తమ పొలం దేశంలో పడిందా లేదా అని ఒక్కొక్కరూ అడగసాగారు. లోపల పడ్డవాళ్ళు బయటివాళ్ళను, ఇక మా దగ్గరికి రావాలంటే మీకు వీసా కావాలి అని ఆటపట్టించారు. హద్దుకు అవతల పడ్డ ఒకాయన, ముగ్గు జరంత ఇటు జరుపు బిడ్డా అని ఒడినిండా జామకాయలు పోశాడు. జామకాయలు తిన్నాను గాని హద్దు జరపలేదు. ఫ్రాన్స్ వాళ్ళకే జరగలేదు, ఆయనకు ఎట్లా జరుగుతుంది.

అంతలో ఆ బ్రోకర్ తాత వైపు తిరిగి, అండ్ల మీ భూమెంతుంటది పటేలా అన్నాడు. ఊరివాళ్ళకు తెలుసు కాబట్టి అందరూ నేలచూపులు చూశారు. "ఉన్నది తియ్యి" అని తాత లేచి మోపెడ్ స్టార్ట్ చేశాడు. విప్పిన సద్ది మళ్ళీ మూటగట్టుకుని మెదక్ వచ్చేశాం. ఆ రోజు రష్యా వాడి మీద కంటే బ్రోకర్ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

చార్టు మీద మా ఊరి పొలాలన్నీ గీసి, వాటి మీద మొనాకో హద్దు గీశాను. తాత భూమికి ఏ రంగు వెయ్యాలని అడిగితే, అది కంటికి ఆనదు, వదిలెయ్యి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందరి పొలాలకూ లేత రంగులు వేసి, ఆ మూడెకరాలకు మాత్రం కళ్ళు చెదిరే ఎరుపు వేశాను. తాత చూసి, చార్టు చుట్టి దారం కట్టాడు.

ఎగ్జిబిషన్ రోజు బ్రెజిల్ ముందు చిలకల బొమ్మలు వేలాడుతున్నాయి. రష్యా చార్టు గోడ చాలక తలుపు మీదికి వెళ్ళింది. నా ముందు మొదట ఎవరూ ఆగలేదు. తర్వాత మా ఊరివాళ్ళు ఆటోలో కిక్కిరిసి దిగారు, జామకాయలాయన కూడా వచ్చాడు. ఎవరి పొలం ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కుంటూ అంత గోల చేశారంటే, రష్యా వాడు కూడా తన చార్టు వదిలి చూడటానికి వచ్చాడు. ఈ క్లాసులో తన దేశాన్ని నడిచి చుట్టి వచ్చింది నేనొక్కదాన్నే అని వాడికి వినపడేటట్టు చెప్పాను.

ముఖ్య అతిథిగా వచ్చిన సారు మొనాకో గురించి నేను చెప్పిందంతా ఓపికగా విని, ఈ ఎర్రది ఏమిటమ్మా అన్నాడు. మా తాత భూమి అన్నాను. ఆయన తాత వైపు తిరిగి ఎంతుంటుందండీ అని అడిగాడు. ఊరివాళ్ళంతా ఒక్కసారిగా నేల చూశారు. ఎరుపు వేసి తప్పు చేశానేమో అనుకున్నాను. ఇక వానల మాట వస్తుందని చూస్తున్నాను.

తాత తువ్వాల సర్దుకుని చార్టు దగ్గరికి వచ్చాడు.

"మూడెకరాలు సార్. గా దేశంల మూడెకరాలంటే తక్కువేం గాదు."

సారు నవ్వాడు. ఊరివాళ్ళు ఆయనకంటే గట్టిగా నవ్వారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, చెప్పవలసిన చివరి రెండు వాక్యాలు మరిచిపోయాను. ఫస్ట్ ప్రైజు బ్రెజిల్‌కు వచ్చింది, చిలకలు నిజంగానే బాగున్నాయి.

ఇంటికి వెళ్ళేటప్పుడు షేర్ ఆటోలో మా ఎదుట ఎవరో తెలియని పెద్దాయన కూర్చున్నాడు. ఈసారి వానలు బాగానే పడ్డాయని ఆయన మాట కలిపాడు. తాత ఆ వానల సంగతి సగంలోనే ఆపేసి, ఎవరూ అడగకుండానే, మాకు కుల్చారం దిక్కు మూడెకరాలున్నది అని మొదలుపెట్టాడు.