కొండ మీద మునిగిన పడవ

ఎండిన కొండ మీద మొగుడి పడవను ముంచిన ఆడమనిషిని మీరెక్కడైనా చూశారా? లేకపోతే నమస్కారం, అది నేనే. నిదానంగా నవ్వండి, తొందరేం లేదు. సముద్రం ఒడ్డున మా ఊరు మైపాడు ఇంకా నవ్వుతూనే ఉంది.

కొన్నేళ్ల కిందట నా స్నేహితురాలు సుజాతతో కలిసి పడమటి కొండల్లో నడకకు బయల్దేరాను. మా ఆయన రమణయ్యకు చేపల పడవ ఉంది. అందులోని ఆపద డబ్బాను తెచ్చి నా సంచిలో కూరాడు. నడిసముద్రంలో ప్రాణం మీదికొస్తే దాని మీట నొక్కాలి. ఉపగ్రహం మీదుగా కబురు రక్షణ ఆఫీసుకు చేరుతుంది.

"కొండకు సముద్రం డబ్బా ఎందుకయ్యా? నేనేమన్నా వంజరం చేపనా?"

"ఆడ ఫోన్లు పలకవు. మర్యాదగా తీసకపో."

తీసుకుపోయాను. కొండెక్కి పులిహోర పొట్లం విప్పామో లేదో, తూర్పున సముద్రం వైపు ఆకాశం మాడిన అట్లపెనంలా నల్లబడింది. చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. ఈయన వేటకు పోయి ఉంటే? డబ్బా నా దగ్గరుందే! ఫోన్ చూస్తే మూగనోము పట్టింది.

"అన్న పోయుండడు లేవే," అంది సుజాత.

"నీ మొగుడైతే ఇట్టాగే తింటా కూసుంటావా?" అని దాని మీద అరిచి, ఏడుస్తూ మీట నొక్కేశాను.

నా తర్కం వినండి. డబ్బా పడవది. కనుక మొర పడవ పేరున పోతుంది. కనుక వాళ్లు పరుగున పోయి పడవను కాపాడతారు. డబ్బా తానున్న చోటే చెబుతుందన్న ముక్క నాకు తట్టలేదు. నాకు డిగ్రీ ఇచ్చినవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

అవతల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఆఫీసు నుంచి మా ఆయనకు ఫోన్.

"మీ పడవ ఆపదలో ఉందండీ."

"పడవ నా కళ్ల ముందరే ఉండాది సార్, ఒడ్డున."

"మాకు కొండ మీద కనబడుతోందే!"

"అయ్యో! ఆడుండేది మా ఇంటామె సార్!"

"ఆవిడ మునుగుతున్నారా?"

పొద్దు వాలుతుండగా పొదలు తోసుకుంటూ మా ఆయనా, ఆయన జతగాడు మస్తానూ ప్రత్యక్షమయ్యారు. భుజాన మోకులు, ఒంటిన నారింజరంగు లైఫ్ జాకెట్లు. చుక్క నీరు లేని కొండ మీద!

ఎదురు పరుగెత్తాను. "నీకేమైందయ్యా?"

"నాకేమవతాది? నీకేమైంది?"

"నాకేం కాలేదు. నువ్వు వేటకి పోయినావనుకొని..."

"డబ్బా నీకిచ్చినాక నేనెట్టా పోతానే? వల కుట్టుకుంటా ఒడ్డునే ఉండా."

మస్తాన్ తల పట్టుకున్నాడు. "వదినా, దోవంతా కన్నీళ్లు పెట్టుకున్నాడు. చెప్పులు కూడా మర్చిపోయినాడు."

చూశాను. ఆ పాదాల నిండా ముళ్లు. పెళ్లయ్యాక మొదటిసారి నా నోట మాట రాలేదు. ఆయన ముఖం పాలిపోయింది. నా భుజాలు పట్టి కుదిపేశాడు.

"ఏమే, మాట్లాడవేం? దెబ్బ యాడ తగిలింది? మస్తానూ, మోకులు తీరా! ఈమెకి నిజంగానే ఏదో అయింది!"

అందుచేత పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరెన్నడూ ఆయన ముందు మౌనంగా నిలబడను. పాపం, హడలిపోతాడు.