చిటికెనవేలు కొక్కెంలో పెట్టకు

ఊదడం నాకు కొత్త కాదు. కంకిపాడు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. మెడలో విజిల్ లేకపోతే మా పిల్లలు నన్ను గుర్తుపట్టరు. నేను గట్టిగా ఒక్కసారి ఊదితే గ్రౌండు ఆ చివర కబడ్డీ ఆడేవాళ్ళే కాదు, రోడ్డు మీద పోయే షేర్ ఆటో కూడా బ్రేకు వేస్తుంది. అందుకని మామయ్యగారి ట్రంపెట్ నేను ఊదుతానన్నప్పుడు గొప్పలకు పోయి అనలేదు. ఊపిరి ఉంది, నిటారుగా నిలబడటం తెలుసు, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ మాట అనాల్సి వచ్చింది ఆయన పళ్ళ వల్ల. మామయ్యగారు హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో చదువుకుంటూ అక్కడి బ్యాండులో ట్రంపెట్ పట్టారు, ఇక వదల్లేదు. ఏటా ఈస్టర్ తెల్లవారుజామున మా చర్చివాళ్ళందరం ఊరిబయట సమాధుల తోటలో చేరతాం. సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. పాస్టరు అయ్యగారు ప్రార్థన ఎత్తుకోకముందు ఆ మసకచీకట్లో ఒక బూర మోగాలి, అది మోగాకే పాట. ఆ బూర మామయ్యగారిది. నేను కోడలిగా వచ్చినప్పటినుంచీ ఇంకొకరు ఊదగా చూడలేదు.

ఇప్పుడాయన పైపళ్ళు నాలుగు కదిలిపోయాయి. చిగుళ్ళనిండా చీము. పైగా షుగరు. బెంజ్ సర్కిల్ దగ్గర పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, వెంటనే తీసేయాలండీ, నాన్చితే దవడ ఎముకలోకి దిగుతుంది, షుగరున్న మనిషికి ప్రాణం మీదికొస్తుంది అని మొహమాటం లేకుండా చెప్పింది. ఆయన క్రిస్మస్ వెళ్ళనీ అన్నారు. క్రిస్మస్ వెళ్ళింది. ఈస్టర్ వెళ్ళనీ అన్నారు. ముందు పళ్ళు లేకపోతే పెదవికి ఆనిక ఉండదు, ఇక ఊదలేరు. అదీ అసలు సంగతి. జ్వరం వస్తే మాత్ర మింగి, అన్నం మెత్తగా పిసికించుకుని తింటున్నారు. పంటి బిగువున భరిస్తున్నారు అందామంటే ఆ బిగువు కూడా లేదాయె.

ఈస్టర్‌కి నెలన్నర ముందు, భస్మ బుధవారం నాడు భోజనాల దగ్గర ఆయనకు మళ్ళీ ఒళ్ళు వెచ్చబడింది. నాకు ఒళ్ళు మండింది. 

"ఈసారి బూర నేను ఊదుతాను మామయ్యగారూ. మీరు రేపే వెళ్ళి ఆ పళ్ళు తీయించుకోండి," అన్నాను.

"నువ్వా?" అన్నారాయన.

మా ఆయన నవ్వాడు. "ఇన్నాళ్ళకి మా నాన్నకి నిజంగానే బాకా ఊదే కోడలు దొరికింది."

నువ్వెందుకు నేర్చుకోలేదని నేను అడగలేదు. పదో తరగతిలో నాలుగు రోజులు ఊది, మూతి వాచిందని మానేసిన చరిత్ర ఇంట్లో అందరికీ తెలిసిందే.

మామయ్యగారు మజ్జిగ కలుపుకున్నారు. "రేపు కాదు. ముందు నువ్వు సమాధుల తోటలో ఊది చూపించు. మర్నాడు సోమవారమే బయల్దేరతా. నువ్వు తడబడ్డావనుకో, నీ చేతిలోంచి తీసుకుని నేనే ఊదుతా. పళ్ళు అక్కడే ఊడి పడ్డా సరే. ఆ పైన నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మని ఎవరూ అడగకూడదు."

ఆయన అన్నంత పనీ చేస్తారు. అందుకే నాకు భయం వేసింది, భయం వేసింది కాబట్టే వెంటనే సరే అన్నాను.

ఒక్క మాట చెప్పాలి. నాకు పీఈటీ ఉద్యోగం వచ్చినప్పుడు, ఆడపిల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుని గ్రౌండులో గంతులేస్తుందా అని బంధువులు మూతులు విరిచారు. మామయ్యగారు ఎవరితోనూ వాదించలేదు. సాయంత్రం ఉయ్యూరు వెళ్ళి ఒక స్టీలు విజిల్ కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టారు. నా చేతికివ్వలేదు, బల్ల మీదే పెట్టారు. మా ఇళ్ళలో మామగారు కోడలి చేతికి ఏదీ నేరుగా అందించరు. పేపరైనా, మందుల చీటీ అయినా బల్ల మీదికి రావాల్సిందే. నాకు ఆయనంటే చాలా ఇష్టం. ఆ మాట మాత్రం ఏ బల్ల మీదా పెట్టలేదు.

పందెం కుదిరిన మర్నాడు సాయంత్రం ట్రంపెట్ పెట్టె కూడా బల్ల మీదికే వచ్చింది. లోపల ఎర్ర ముఖమల్ గుడ్డలో ట్రంపెట్, పక్కన గూట్లో నోటికి ఆనించే మౌత్‌పీస్, చిన్న నూనె సీసా. బిగించాల్సింది ఒకే ఒక్క ముక్క. ఇంత పెద్ద వాయిద్యానికి ఇంత చిన్న పనా అనిపించింది.

"మౌత్‌పీస్ ఆ గొట్టంలో పెట్టి..." అని ఆయన అంటుండగానే పెట్టాను. వదులుగా అనిపించింది. అరచేత్తో ఒక్కటిచ్చాను.

మామయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "కొట్టావా?"

కొట్టాను. ఇక అది రాలేదు. నేను లాగాను, మా ఆయన లాగాడు, రాలేదు. మా ఆయన కటింగ్ ప్లేయర్ తెస్తానని లేస్తే మామయ్యగారు ట్రంపెట్‌ను ఒళ్ళోకి తీసుకుని కండువా కప్పేశారు.

"ఆవకాయ జాడీ మూతనుకున్నావా అమ్మాయ్, కొట్టి బిగించడానికి?" అంది అత్తయ్య వంటింట్లోంచి.

విజయవాడ వన్ టౌన్‌లో బ్యాండు మేళాల సామాను బాగుచేసే కొట్టుకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అక్కడి మనిషి ఏదో మరలున్న పట్టకారు తగిలించి నెమ్మదిగా తిప్పితే టక్కున ఊడొచ్చింది. "కొత్తవాళ్ళు కొట్టడం మామూలేనండీ," అన్నాడు. నాకు మామూలు మనుషుల్లో కలవడం ఇష్టం ఉండదు. ఆ తర్వాత ఎప్పుడూ కొట్టలేదు. పెట్టి, రవ్వంత తిప్పి, వదిలెయ్యడమే. అది పడిపోదు.

ఇక పట్టుకోవడం. ఇక్కడ వచ్చింది చిక్కు. ట్రంపెట్ పట్టడం నేర్పాలంటే వేళ్ళు పట్టుకుని సరిచేయాలి, ఆయనేమో నా చెయ్యి ముట్టుకోరు. అందుకని మధ్యలో అత్తయ్యను కూర్చోబెట్టారు. ఆయన చెప్తారు, అత్తయ్య నా వేళ్ళు వంచుతుంది.

"ఎడమ చెయ్యి ఆ నొక్కే మూడు వాల్వుల చుట్టూ వెయ్యమను. బరువంతా ఆ చేతిదే. ఉంగరం వేలు ఆ రింగులో పెట్టించు."

అత్తయ్య తడిచెయ్యి చీరకు తుడుచుకుని పెట్టింది.

"బొటనవేలు మొదటి వాల్వుకీ రెండోదానికీ మధ్య, ఇవతలవైపు."

"ఏ బొటనవేలండీ? ఈ పిల్లకి రెండున్నాయి."

"కుడిచేతిది. దాని పక్క మూడు వేళ్ళూ వాల్వుల మీద గుండ్రంగా వంచు. గుడ్డు పట్టుకున్నట్టుండాలి."

మోచేతులు పక్కలకు ఆనించకూడదు, తల వంచకూడదు, ట్రంపెట్‌ను నోటి దగ్గరకు తేవాలి కానీ నోటిని ట్రంపెట్ దగ్గరకు తీసుకుపోకూడదు. ఇవి నాకెవరూ చెప్పనక్కర్లేదు. అటెన్షన్ చెప్పి చెప్పి నా వెన్ను ఎప్పుడో కర్రలా తయారైంది. "నిలబడటం బాగుంది," అన్నారు మామయ్యగారు. నేను అత్తయ్య వైపు గర్వంగా చూశాను. ఆవిడ నా వేళ్ళ వైపే చూస్తోంది.

మూడో వాల్వు పక్కన ఒక చిన్న కొక్కెం ఉంది. నా కుడి చిటికెనవేలు ఎవరూ చెప్పకుండానే పోయి అందులో కూర్చుంది.

"తియ్యమను," అన్నారాయన. "చిటికెనవేలు కొక్కెంలో పెట్టకు."

"మరి కొక్కెం ఎందుకు పెట్టారండీ?" అన్నాను.

"పాటల కాగితం తిప్పుకోడానికి ఎడమ చెయ్యి వదలాల్సొస్తే, అప్పుడు పట్టుకోడానికి. ఊదేటప్పుడు కాదు. అందులో వేలుంటే పై స్వరం దగ్గర మనకి తెలియకుండానే మూతి మీదికి లాక్కుంటాం. పెదవి నలుగుతుంది. ఆ బరువంతా పళ్ళ మీద పడుద్ది." తన కుడిచెయ్యి చాపి చూపించారు. చిటికెనవేలు వంగిపోయి ఉంది, చాపమన్నా చాపుకోదు. "నాకు చెప్పినవాళ్ళు లేరు. జీవితమంతా ఇందులో వేలేసి లాగాను. ఇదిట్టా వంగింది, అవట్టా కదిలాయి."

డాక్టరమ్మ షుగరు వల్ల అంది. ఈయన కొక్కెం వల్ల అంటారు. నేను ఇద్దరినీ నమ్మాను.

సరే, ఊదాను. విజిల్ ఊదినట్టే ఊదాను. ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు గాలి పోయింది తప్ప చప్పుడు రాలేదు. "ఊదకు. పెదాలు అదిరించు," అన్నారు. పసిపిల్లలు తుర్రుమని తుంపర్లు ఎగరేస్తారే, అలా. ముందు ఒట్టి మౌత్‌పీస్‌తోనే చెయ్యాలట. రోజూ స్కూలు నుంచి రాగానే డాబా మీద నిలబడి తుర్రుమనడం మొదలుపెట్టాను.

"పసివాళ్ళు తుర్రుమంటే వానొస్తుందంటారు," అంది అత్తయ్య. "నలభై దాటినదానివి నువ్వంటే తుఫానే."

అవి మినుములు తీసి ఆరబోసుకునే రోజులు. మా వీధి పొడుగునా మినుములే. నా ఖర్మ కొద్దీ ఆ వారంలోనే మబ్బుపట్టి నాలుగు చినుకులు రాలాయి. సాయంత్రానికి ఎదురింటి రైతు మెట్ల కింద నిలబడ్డాడు.

"టీచరు గారండీ, ఏమీ అనుకోకండి. మా మినుములు బస్తాలకెత్తేదాకా ఆ తుర్రు కాస్త ఆపుతారా అండీ?"

నవ్వు ఆపుకుని, మామయ్యగారి జ్వరం సంగతీ పందెం సంగతీ చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "అట్టయితే కానివ్వండి. మేమే బరకాలు కప్పుకుంటాం," అని వెళ్ళిపోయాడు. అంత మంచి మనుషుల మధ్య ఓడిపోతే ఎలాగ అనిపించింది.

మొదటి శబ్దం గేదె అరిచినట్టు వచ్చింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని మా ఆయన సణిగాడు కానీ, మామయ్యగారు మంచం మీద లేచి కూర్చున్నారు. గేదె మెల్లగా మనిషి గొంతుకు దగ్గరైంది. ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాటికి ఈస్టర్ ముక్క మొత్తం వచ్చేసింది, చివరి స్వరం తప్ప. అది పైన ఉంటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి నా చిటికెనవేలు దొంగపిల్లిలా కొక్కెంలోకి దూరేది. స్వరం గొంతు పిసికినట్టు వచ్చేది, లోపెదవి మీద పళ్ళ గుర్తులు పడేవి. కొక్కేనికి ప్లాస్టరు చుట్టేశాను. మామయ్యగారు మర్నాడు దాన్ని ఒలిచి పారేశారు. "తెలియాల్సింది వేలికమ్మా," అన్నారు.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో నిలబడ్డాను. మౌత్‌పీస్ పెట్టి రవ్వంత తిప్పాను. మామయ్యగారు నా పక్కనే, తెల్ల చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ముందురోజు నుంచీ ఆయన దవడ వాచి ఉంది, జ్వరం ఉంది. అత్తయ్య దూరంగా ఆడవాళ్ళతో కొవ్వొత్తి పట్టుకుని ఉంది. అయ్యగారు నా వైపు చూసి తలాడించారు.

ఎత్తుకున్నాను. మొదటి స్వరాలు నాకే ఆశ్చర్యం వేసేంత శుభ్రంగా వచ్చాయి. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆపేశారు. చివరిదానికి ముందు ఊపిరి తీసుకున్నాను, అప్పుడు తెలిసింది, నా చిటికెనవేలు కొక్కెంలో ఉంది. తియ్యడానికి అత్తయ్య పక్కన లేదు. నా కంటి చివర మామయ్యగారి చెయ్యి లేచింది. ట్రంపెట్ తీసుకోడానికో, నా వేలు తియ్యడానికో తెలియదు. నా చేతి దాకా వచ్చి ఆగింది.

వేలు తీసేశాను. గాలిలో వదిలేశాను. స్వరం వచ్చింది. కొంచెం సన్నంగానే, కానీ నిఖార్సుగా వచ్చి, కొవ్వొత్తుల మీదుగా చెరుకు తోటల వైపు వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి కిందికి దిగింది. వెనకాల పాట లేచింది.

పాటయ్యాక ఆయన అన్నది రెండే మాటలు. "చివరిది కాస్త సన్నం. రేపు ఎన్నింటికి బయల్దేరదాం?"

సోమవారం కారు నేనే నడిపాను. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని విసుక్కుంటుంటే, ఆయన వెనకసీట్లో కూర్చుని నాలుకతో ముందుపళ్ళు తడుముకుంటున్నారు, అద్దంలో కనపడింది. నాకు ఏడుపొచ్చింది. హారన్ కొట్టాను.

డాక్టరమ్మ తోడుగా ఒకరిని లోపల ఉండనిస్తానంది. మా ఆయనకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, అత్తయ్య బయట ప్రార్థన చేసుకుంటానంది. నేనే వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాను. మత్తు సూదులు వేశారు. పట్టకారు కనపడగానే మామయ్యగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఆయన కుడిచెయ్యి కుర్చీ చేతి మీంచి జారి, నా వైపు గాలిలో దేనికోసమో వెతుక్కుంది. వంగిన చిటికెనవేలు అలాగే వంగి ఉంది, అచ్చం కొక్కెంలా.

నా చిటికెనవేలు అందులో పెట్టాను. ఆయన నోరు తెరిచి ఉంది, పెట్టకు అనడానికి లేదు. గట్టిగా తనవైపు లాక్కున్నారు, నాలుగో పన్ను వచ్చేదాకా వదల్లేదు.