వెచ్చగా వెళ్ళి చల్లగా రా

అందరూ ఎలా ఉన్నారు? కంటి ఆపరేషన్ చేయించుకున్న మాస్టారికి చూపు కుదురుకుందా? మన సంఘం కార్యదర్శిగారి అమ్మగారు మెట్ల మీద పడ్డారని విన్నాను, లేచి తిరుగుతున్నారా? కరోల్ బాగ్‌లో గదులు తీసుకుని పరీక్షలకు చదివే పిల్లలు వేళకు తింటున్నారా? చలికాలపు పొగకు చంటిపిల్లలున్న ఇళ్ళలో దగ్గులు తగ్గాయా? తగ్గకపోతే ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. మా ఇంటి సంగతి అడిగితే, మా మరిది పోయాడు.

పొద్దున టీ తాగి, కప్పు కింద పెట్టి, కుర్చీలోనే వెనక్కి వాలాడట. మా తోడికోడలు ఫోన్ చేసి, "అక్కా, ఈయన పలకడం లేదు" అంది. నేను పోపు వేస్తున్నాను. స్టవ్ ఆపాను. చెప్పులు వేసుకున్నాను. నోయిడా నుంచి ద్వారక దాకా టాక్సీలో మా అమ్మాయి సుజాత నా పక్కనే కూర్చుంది. అక్కడ అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఎందుకు రావడం లేదో అని, అదొక దిగులు.

నేను ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషిని. అతని గురించి మన సంఘం పత్రికకు రాయమంటే ముందు వద్దన్నాను. తరవాత ఆలోచించాను. అతని ఆఫీసు గురించి, మంచితనం గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. టైర్ల గురించి రాసేవాళ్ళు ఎవరున్నారు? మా సుజాత రేసు ట్రాక్ మీద నడిపే కారుకు టైర్లు చూసేది మా మరిదే. అతను పోయిన దగ్గరనుంచి సుజాత ఆ కారు ముట్టుకోవడం లేదు. అతను సిద్ధం చేసి పెట్టిన నాలుగు టైర్లు ద్వారకలో వాళ్ళ బాల్కనీలోనే ఉండిపోయాయి. వాటిని తెచ్చుకోవాలా, ఎవరికైనా ఇచ్చేయాలా అన్నది మా ఇంట్లో తేలలేదు. అదే నా మనసులో తిరుగుతోంది, అదే రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికి అతను నిక్కర్లు వేసుకునే పిల్లాడు. పెద్దయ్యాక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో చేరి, రిటైరయ్యేదాకా ఫైళ్ళు చూశాడు. కారు అంటే సీటులో కూర్చోవడం తప్ప ఏమీ తెలియని మనిషి. సుజాత ఆఫీసు స్నేహితులతో కలిసి ఓ పాత చిన్న కారు కొని, వెనక సీట్లు పీకించి, లోపల ఇనప కడ్డీలు బిగించి, సెలవు రోజుల్లో నోయిడా అవతల ట్రాక్‌కు వెళ్ళడం మొదలుపెట్టింది. "రేసు కాదు మమ్మీ, ట్రాక్ డే" అంటుంది. పందెం ఉండదట, ఎవరి కారు వాళ్ళు తిప్పుకోవడమేనట. పేరు ఏదైతేనేం, కారు వెళ్ళేది ఆ వేగంతోనే కదా. మా ఆయన లేరు. చెప్పేవాళ్ళు ఎవరు? అందుకని మరిదిని పిలిచి, ఒకసారి నువ్వు కూడా వెళ్ళు, ఎలాగైనా మాన్పించు అని పంపాను.

సాయంత్రం వచ్చాడు. రెండు అరచేతులూ నల్లగా ఉన్నాయి.

"మాన్పించావా?"

"ఏం మాన్పించేది వదినా, నాలుగు రౌండ్లు అయ్యేసరికి కారు జారిపోతోంది. ముందు దాని సంగతి చూడాలి."

"నిన్ను పంపింది దేనికి, నువ్వు చేసుకొచ్చింది ఏమిటి?"

"పిల్లని ఆపలేం. జారకుండా ఆపగలమేమో చూద్దాం. సబ్బు ఎక్కడ?"

అలా మొదలైంది. ఆ తరవాత ఒక్క ట్రాక్ డే కూడా మానలేదు. అక్కడి షెడ్లలో ఉన్నవాళ్ళను, తనలో సగం వయసు వాళ్ళను, అడిగి అడిగి నేర్చుకున్నాడు. వచ్చి నాకు చెప్పేవాడు. నాకెందుకు చెప్పేవాడంటే, తెలిస్తే భయం తగ్గుతుందని. తగ్గలేదు కానీ, తెలిసింది.

ఆ రబ్బరు మన కార్ల రబ్బరు లాంటిది కాదట. చల్లగా ఉంటే గట్టిగా ఉండి జారుతుంది. వేడెక్కితే మెత్తబడి నేలను పట్టుకుంటుంది. మరీ వేడెక్కితే మళ్ళీ జారుతుంది. వేడికి లోపలి గాలి కూడా ఉబ్బుతుంది. "నువ్వు పుల్కా కాలుస్తావు చూడు, పొంగాక పెనానికి మధ్యలో ఒక్కచోటే తగులుతుంది. టైరూ అంతే" అన్నాడు. అందుకని వెళ్ళేటప్పుడు గాలి తక్కువ పెట్టేవాడు. కారు తిరిగి రాగానే, చల్లారకముందే పరుగెత్తి నాలుగింటికీ గాలి కొలిచేవాడు. తరవాత సూదిలాంటి థర్మామీటరు పెట్టి ఒక్కో టైరుకు లోపలి పక్క, మధ్య, బయటి పక్క వేడి చూసేవాడు. మా పిల్లల జ్వరాలకు కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

సుజాత ఢిల్లీలో పుట్టిన పిల్ల. దాని తెలుగు సగం దూరం వచ్చి హిందీలోకి తిరిగిపోతుంది. తలమీద హెల్మెట్ తియ్యకుండానే, "బాబాయ్, మూడో మలుపులో పీఛే సే ఫిసల్ రహీ హై" అని అరిచేది. వెనక జారుతోందని. అతను తెలుగులోనే, "ఎక్కడ? బ్రేకు మీదా, బ్రేకు వదిలాకా?" అనేవాడు. "వదిలాక." "అచ్ఛా, అయితే గాలి పని కాదు, నీ తొందర పని." చుట్టూ ఉన్న పిల్లలు నవ్వేవాళ్ళు. సుజాత మూతి ముడుచుకునేది. తరవాతి రౌండ్లలో జారేది కాదు.

అతను తరచూ అనే మాట ఒకటుంది. "ఒక్క రౌండులో పట్టు అందరికీ దొరుకుతుంది వదినా. పదో రౌండులో కూడా మొదటిదానిలాగే పట్టుకోవాలి. అదీ కావలసింది." ఇందులో మనుషుల గురించి ఏదో ఉందని మీరు అనుకుంటారేమో. అతను మనుషుల గురించి అనలేదు. టైర్ల గురించే అన్నాడు.

నేను ట్రాక్‌కు వెళ్ళింది ఒకేసారి. నిమ్మకాయలు తీసుకెళ్ళాను. కొత్త టైర్లు వేస్తున్నారని తెలిసి, కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిద్దామని. మా మరిది చెయ్యి అడ్డం పెట్టాడు. "వదినా, ఆ రబ్బరుకు ఏది తగిలినా అంటుకుంటుంది. గింజలు అతుక్కుంటాయి, రసానికి జారుతుంది." మరి దిష్టో? కాస్త ఆలోచించి, కారును ఎక్కించుకొచ్చిన లారీ చూపించాడు. "ఇక్కడున్న వాటిలో అదే పెద్దది. దానికి తీయి. అందరి దిష్టీ మోసుకుపోతుంది." లారీ డ్రైవరు కంగారుపడి దిగివచ్చాడు. "అమ్మాజీ, మేరీ గాడీ కో క్యా హువా?" ఏమీ కాలేదు భయ్యా, కాకుండా ఉండడానికే అని చెప్పి, అతని టైర్ల కింద పెట్టాను. పాపం, దండం పెట్టుకుని మరీ తొక్కించాడు.

సుజాత కారెక్కుతుంటే అలవాటుగా, "చల్లగా వెళ్ళి చల్లగా రా తల్లీ" అన్నాను. అతను గబగబా వచ్చాడు.

"వదినా, నీ నోటి మాట ఫలిస్తుంది. అలా అనకు."

"అదేమిటి? దీవిస్తే తప్పా?"

"చల్లగా వెళ్తే మొదటి మలుపులోనే జారుతుంది. టైర్లకు తగలని దీవెన ఏదైనా ఉంటే చూడు."

నాకు అలాంటిది తెలియదన్నాను. చల్లగా అనకుండా దీవించడం మనకు ఎక్కడుంది? చివరికి అతనే కుదిర్చాడు. "వెచ్చగా వెళ్ళి చల్లగా రమ్మను." అప్పటినుంచి అదే అనేదాన్ని. ఆ మాట కింద ఒక షరతు కూడా పెట్టాడు. మొదటి రెండు రౌండ్లు నెమ్మదిగా తిప్పి టైర్లు వెచ్చబెట్టాలి, ఎవరు దాటిపోయినా పట్టించుకోకూడదు. సుజాత ఒప్పుకుంది. నా మాటకు ఎప్పుడూ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

ఇంట్లో ఉండి నేను ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చునేదాన్ని. కారు వచ్చిన ప్రతిసారీ చేసేవాడు. "వచ్చేసింది వదినా. టైర్లు వేడిగా ఉన్నాయి." అంతే, పెట్టేసేవాడు. గాలి కొలవాలి కదా. టైర్లు వేడిగా ఉన్నాయంటే పిల్ల క్షేమం అని నేను అర్థం చేసుకుని, లేచి బియ్యం కడిగేదాన్ని. ఇన్నేళ్ళూ ఆ ఫోన్ మోగితే ఏం వినాల్సి వస్తుందో అని వణికాను. అంతా సుజాత గురించే. కుర్చీలో టీ తాగే మనిషి గురించి ఎవరు భయపడతారు?

ద్వారక వెళ్ళాక అతని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అది మాత్రం బాగా గుర్తుంది, మిగతాది సరిగా గుర్తులేదు. అప్పటినుంచి చల్లగా ఉండమన్న మాట నాకు నోటికి రావడం లేదు. పిల్లలు కాళ్ళకు దండం పెడితే తలమీద చెయ్యి వేసి ఊరుకుంటున్నాను.

కర్మలు అయ్యాక, చావింట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు కనుక చెప్పకుండానే వచ్చేశాం. టైర్ల మాట ఎవరూ ఎత్తలేదు. తరవాత తోడికోడలే ఫోన్‌లో అడిగింది. "అక్కా, బాల్కనీలో ఆ నాలుగూ అలాగే ఉన్నాయి. ఏం చెయ్యను?" సుజాతను అడిగాను. "బేచ్ దో మమ్మీ. బాబాయ్ లేకుండా నేను వెళ్ళను" అంది, లాప్‌టాప్ మీదినుంచి తల ఎత్తకుండా. అమ్మేయమని.

ఎన్నో ఏళ్ళుగా మొక్కుకున్న మాట అది. విన్నాక ఏమీ అనిపించలేదు. సంతోషం రాలేదు. క్యాబ్‌లో ఆఫీసుకు వెళ్తుంది, వస్తుంది, పెట్టింది తింటుంది, ఉప్పు తక్కువైనా అనదు. సెలవు రోజు గోడవైపు తిరిగి పడుకుంటుంది. ట్రాక్‌కు వెళ్ళిన పిల్ల గురించి ఎలా భయపడాలో నాకు తెలుసు. ఇంట్లో పడుకున్న పిల్ల గురించి ఎలా భయపడాలో తెలియడం లేదు.

మొన్న ఎండ కాస్త ముదిరింది. కూలరు దింపించాలి అని నేనంటుంటే సుజాత అడిగింది. "మమ్మీ, పిన్ని వాళ్ళ బాల్కనీలో ధూప్ వస్తుంది కదా?"

"వస్తే?"

"రబ్బరు గట్టిపడిపోతుంది. ఇంక పట్టు ఉండదు."

నేను ఫోన్ అందుకున్నాను. మధ్యాహ్నం ఎండ పడుతోంది, దుప్పటి కప్పానని తోడికోడలు చెప్పింది. సుజాత నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పిన్నీ, దుప్పటి సరిపోదు, లోపల పెట్టించండి. తుడవొద్దు. పనిమనిషిని అసలు తుడవనివ్వొద్దు." ఇన్నాళ్ళకు దాని గొంతు పైకి లేచింది.

తుడవకూడని కారణం ఉంది. ఏ టైరు కారుకు ఏ మూలన అరిగిందో మళ్ళీ ఆ మూలకే వెళ్ళాలి. మూల మారితే కారు ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా పట్టుకుంటుంది. అందుకని మా మరిది ప్రతి టైరు పక్కన సుద్దతో రాసేవాడు. తెలుగులో రాసేవాడు. షెడ్డులో అందరి టైర్లూ నల్లనివే, మన అక్షరాలుంటే ఎవరూ పొరపాటున పట్టుకుపోరని. సుజాతకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. "బాబాయ్ చెప్పేవాడు కదా, అందుకే నేర్చుకోలేదు" అంది. ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చి, "మమ్మీ, తుమ్ పఢ్ దోగీ?" అంది.

చదువుతాను. ఆ మాత్రం చదువు ఉంది. చదివాక అది ట్రాక్‌కు వెళ్తుందా, వెళ్తే రాగానే గాలి కొలిచేది ఎవరు, నాకు ఫోన్ చేసేది ఎవరు, ఇవన్నీ అడగాలి. అడగలేదు.

తోడికోడలు ఫోన్ పట్టుకునే బాల్కనీలోకి వెళ్ళింది. దుప్పటి ఎత్తిన చప్పుడు వినపడింది.

"ఒకదాని మీద 'ఎడమ ముందు' అని ఉంది అక్కా. ఆయన రాతే. మిగతావి గోడవైపు ఉన్నాయి, నేను కదపలేను. మీరే వచ్చి చూసుకోండి."

మాసికం శనివారం, ఆ రోజు టైర్ల పనికి వీలుపడదు. ఆదివారం పొద్దున, ఎండెక్కక ముందు వస్తామని చెప్పాను.