కొలరాడోలో తలంటు

నేను నెల రోజులు బతిమాలితే నాన్న కొలరాడోలోని వేడినీటి ఊటల కొలనుకు తీసుకెళ్తానన్నారు. ఈ సాయంత్రం అమ్మ సూట్‌కేసులో నువ్వులనూనె సీసా, సున్నిపిండి డబ్బా సర్దింది. భూమిలోంచి వేడినీళ్ళు ఊరికే వస్తుంటే అందరికీ తలంటు పోయకపోవడం పాపమట. కొలను వాళ్ళని అనుమతి అడగమని ఫోన్ నా చేతికిచ్చింది. సాధ్యమైనంత గంభీరంగా అడిగాను.

"నూనె కుదరదటమ్మా. ముందు షవర్ తీసుకుని మరీ దిగాలట."

"స్నానం చేసి స్నానానికి దిగాలా? దానికి పదహారు గంటలు డ్రైవ్ చేయాలా? ట్రిప్ క్యాన్సిల్!"

నాన్న వెంటనే, "మోటెల్‌లో తలంటు, కొలనులో ఈత," అని రాజీ కుదిర్చారు. ప్రయాణం బతికింది. కాలేజీలో చదువుతున్న నా తలను మాత్రం మోటెల్ టబ్‌కి బలిచ్చారు. ఇంతకన్నా గౌరవప్రదమైన రాజీ తెలిసినవారు శుక్రవారం మేం బయల్దేరేలోగా చెప్పి పుణ్యం కట్టుకోండి.